గూల్ సఫర్‌నామా: సహ్రా నుంచి నా అలమారా దాకా



నా దగ్గర 41 గూల్ బొమ్మలున్నాయి. ఒక్కోటి నా బొటనవేలంత ఎత్తు. కొన్ని సీసంవి, కొన్ని తగరం కలిపిన తెల్ల లోహంవి, మిగతావన్నీ ప్లాస్టిక్. టేబుల్ మీద పటం పరిచి, పాచికలు వేస్తూ, ఒకరు కిస్సా చెబుతుంటే మిగతావాళ్లు అందులో పాత్రలై ఆడే ఆటలున్నాయి కదా, వాటిలో దుష్మన్ వైపు నిలబెట్టే బొమ్మలివి. అమెరికా కంపెనీలవి, ఇంగ్లండ్ కంపెనీలవి. కొన్ని నేను డబ్బు కట్టి తెప్పించుకున్నాను. కొన్ని జిద్దా నుంచి, లండన్ నుంచి వచ్చే చుట్టాల సూట్‌కేసుల్లో ఖర్జూరం పెట్టెల పక్కన పడుకుని వచ్చాయి. డ్రాగన్ల జోలికి, అస్థిపంజరాల జోలికి నేను పోను. గూల్ ఒక్కటే నా షౌఖ్. ఆ ఆటల కితాబుల్లో జిన్నులు, ఇఫ్రీత్‌లు కూడా ఉన్నాయి గానీ అవి ఎక్కణ్ణుంచి వచ్చాయో ఆడే ప్రతివాడికీ తెలుసు. గూల్ మన వైపు నుంచి వెళ్లిన లఫ్జ్ అని మాత్రం చాలామంది మరిచిపోయారు. మరిచిపోవడమే కాదు, వెళ్లిన గూల్ ఒకటి, తిరిగొచ్చిన గూల్ ఇంకొకటి. ఆ మధ్యలో ఏం జరిగిందన్నదే నేను చెప్పబోయే తారీఖ్.

తెలుగులో ఇది రాయడంలో ఒక చిక్కుంది. గూల్‌కి బహువచనం కడితే 'గూళ్లు' అవుతుంది. పిచ్చుక గూళ్లు, దీపం పెట్టే గోడ గూళ్లు గుర్తొస్తాయి. అందుకే ఎబ్బెట్టుగా ఉన్నా 'గూల్‌లు' అనే రాస్తాను. గోడ గూటి సంగతి మాత్రం గుర్తుంచుకోండి, ముందు ముందు పని ఉంది.

మా నానీకి ఈ ఆటలేవీ తెలియవు, కానీ గూల్ తెలుసు. మండుటెండలో మేం పొలాల వైపు పోకుండా ఆపడానికి 'గూలె బయాబానీ' పేరెత్తేది. బయాబాన్ అంటే మనిషి జాడ లేని బీడు. ఉర్దూ లుగత్‌లో ఈ మాట ఇప్పటికీ ఉంది, ముసాఫిర్లను దారి తప్పించే దయ్యం అనే మానీతో. నానీ చెప్పే గూల్ ఎవర్నీ తినేది కాదు, పిలిచేది. మనకు తెలిసినవాళ్ల గొంతుతో, మన పేరు పెట్టి పిలిచేది. పలికామా, దాని వెంట నడుచుకుంటూ పోతాం, వెనక్కొచ్చే దారి మరిచిపోతాం. అంతే. (ఉర్దూలో ఇదే రాతతో 'గోల్' అని ఇంకో లఫ్జ్ ఉంది, మంద, గుంపు అని దానికి అర్థం. అది తుర్కీ వైపు నుంచి వచ్చింది. దీనికీ దానికీ రిష్తా లేదు.)

అరబ్బీలో గూల్ ముఅన్నస్, అంటే ఆడ. మగదాన్ని కొందరు కుత్రుబ్ అన్నారు. గైన్, వావ్, లామ్ అనే మూడు హర్ఫుల నుంచి పుట్టిన లఫ్జ్ ఇది. తెలియకుండా వచ్చి పట్టుకోవడం, నాశనం చేయడం అనే భావం ఈ ధాతువులో ఉంది. 'తగవ్వుల్' అంటే రూపాలు మార్చడం. ఖురాన్ షరీఫ్‌లో సూరా అస్-సాఫ్ఫాత్ 47వ ఆయత్‌లో జన్నత్‌లోని పానీయం గురించి చెబుతూ, అందులో 'గౌల్' ఉండదని వస్తుంది. తల తిప్పడం, బుద్ధిని పాడుచేయడం అని ముఫస్సిర్లు దాన్ని విప్పి చెప్పారు. మూలం ఇదే.

ఇస్లాంకి ముందు అరబ్బులకు గూల్ సహ్రాలో రాత్రి ప్రయాణం చేసేవాడి భయం. జాహిలియా కాలపు షాయర్ ఒకడున్నాడు, తఅబ్బత షర్రన్. అది వాడి అసలు పేరు కాదు, లకబ్. 'చంకలో షర్‌ను పెట్టుకు తిరిగేవాడు' అని. దారిదోపిడీలు చేసే రకం. రాత్రి పూట బీడులో గూల్ ఎదురైందని, కత్తితో ఒక్క వేటు వేశానని, ఇంకో వేటు వెయ్యమని అది అడిగితే వెయ్యలేదని, తెల్లారేదాకా దాని మీదే కూర్చుని వెలుగులో చూస్తే పిల్లిలాంటి తల, చీలిన నాలుక కనిపించాయని కవిత్వం చెప్పుకున్నాడు. రెండో వేటు ఎందుకు వెయ్యలేదంటే, అరబ్బుల నమ్మకంలో గూల్ ఒక్క దెబ్బకు చస్తుంది, రెండో దెబ్బ పడితే మళ్లీ లేచి కూర్చుంటుంది. ఈ సంగతి మనసులో పెట్టుకోండి.

956లో వఫాత్ అయిన తారీఖ్‌కార్ మస్ఊదీ తన 'మురూజుజ్ జహబ్'లో ఈ నమ్మకాలన్నీ పోగేశాడు. గూల్ ఏ రూపమైనా ఎత్తుతుంది, అందమైన ఆడమనిషిగా కూడా కనిపిస్తుంది, కానీ పాదాలు మాత్రం మార్చలేదు. అవి గాడిద కాళ్లే. దారిలో ఎవరైనా ఎదురైతే ముందు కిందికి చూడాలన్నమాట. నాకు ఈ వివరం చాలా ఇష్టం. ఎంత మోసగాడికైనా దాచుకోలేని ఒక చోటు ఉంటుందని ఎవరో ముసాఫిర్ అనుభవం మీద కనిపెట్టినట్టు ఉంటుంది.

అప్పట్లోనే దీన్ని నమ్మనివాళ్లూ ఉన్నారు. బస్రాకు చెందిన జాహిజ్, 9వ శతాబ్దం మనిషి, తన 'కితాబుల్ హయవాన్'లో ఉస్తాద్ నజ్జామ్ మాటగా ఒక వివరణ ఇస్తాడు. బీడుల్లో ఒంటరిగా చాలాకాలం ఉన్న మనిషికి చిన్నది పెద్దగా కనబడుతుంది, లేని చప్పుడు వినబడుతుంది. తర్వాత దాన్ని షాయరీలో పెడతాడు, పిల్లలు వింటూ పెరుగుతారు, వాళ్లు ఒంటరిగా దారి పట్టినప్పుడు విన్నదే చూస్తారు. ఇది 1,100 ఏళ్ల కిందటి మాట. ఇవాళ మనస్తత్వ శాస్త్రం తెలిసినవాళ్లు కూడా ఇంతకన్నా ఎక్కువ చెప్పగలరని నేననుకోను.

ఇక హదీస్. సహీహ్ ముస్లింలో జాబిర్ రజియల్లాహు అన్హు రివాయత్ ఒకటుంది. అపశకునాల్లాంటి జాహిలియా నమ్మకాలను కొట్టిపారేస్తూ రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లం గూల్ అనేది కూడా లేదన్నారు. మరోవైపు తిర్మిజీలో అబూ అయ్యూబ్ అన్సారీ రజియల్లాహు అన్హు కిస్సా ఉంది. ఆయన ఇంట్లో ఖర్జూరాలు పెట్టుకునే గూడు ఒకటుండేది. ఇదిగో, గోడ గూడు వచ్చింది. రాత్రుళ్లు ఒక గూల్ వచ్చి అందులోంచి ఖర్జూరాలు దొంగిలించేది. పట్టుకుంటే మళ్లీ రానని ఖసమ్ చేసి పోయేది, మళ్లీ వచ్చేది. మూడోసారి పట్టుబడ్డాక, నన్ను వదిలెయ్, నీకో మాట నేర్పుతాను, ఇంట్లో ఆయతుల్ కుర్సీ చదువు, షైతాన్ దగ్గరికి రాడు అంది. అది అబద్ధాలకోరే అయినా ఈసారి నిజమే చెప్పిందని రసూలుల్లాహ్ అన్నారు. ఈ రెండు రివాయత్‌లూ ఎలా కలుస్తాయని ఉలమా ఎప్పుడో ఆలోచించారు. ఇమామ్ నవవీ సహీహ్ ముస్లిం షర్హ్‌లో రెండు అభిప్రాయాలూ పెట్టారు. గూల్ అనేదే లేదన్నది ఒకటి. అలాంటి జిన్నాత్ లేవని కాదు, రూపాలు మార్చి దారి తప్పించే తాకత్ వాటికి లేదన్నది రెండోది. ఫతువా ఇవ్వడం నా పని కాదు. నేను చూసేది ఇంకోటి. ఇంత దూరం వచ్చాం కదా, ఎక్కడైనా ఖబరస్తాన్ కనిపించిందా? శవం కనిపించిందా? మదీనాలో గూల్ తిన్నది ఖర్జూరాలు.

ఆకాశంలో కూడా ఒక గూల్ ఉంది. గ్రీకులు ఒక నక్షత్రాన్ని వీరుడి చేతిలో ఉన్న మెడూసా తలగా ఊహించారు. పాముల జుట్టు, చూస్తే రాయి అయిపోయే చూపు. అరబ్ మునజ్జిమ్‌లు ఆ ఇల్మ్‌ను తర్జుమా చేసుకున్నప్పుడు దానికి 'రఅసుల్ గూల్', గూల్ తల అని పేరు పెట్టారు. ఇంగ్లిష్‌లో అదే ఆల్గోల్ అయింది. దాదాపు రెండు రోజుల 21 గంటలకోసారి దాని వెలుగు తగ్గి మళ్లీ పెరుగుతుంది, రెండు నక్షత్రాలు ఒకదాన్నొకటి కప్పుకోవడం వల్ల. బ్యాట్‌మ్యాన్ కామిక్స్‌లో 1971లో వచ్చిన రాస్ అల్ గూల్ అనే విలన్ పేరు కూడా ఇదే. మన పిల్లలకు ఆ విలన్ బాగా తెలుసు, నక్షత్రమే తెలియదు. నాకు ఇందులో ముఖ్యమనిపించేది, ఒక భయంకరమైన ఆడదాని పేరుకి బదులు వెతికినప్పుడు ఆ మునజ్జిమ్‌లకు తట్టింది గూల్ అన్న లఫ్జే.

మరి ఈ ఆడది, బీడుల్లో తిరిగేది, గాడిద కాళ్లది, ఖబరస్తాన్‌లో శవాలు తినే బోడిగుండు మగాడిగా ఎప్పుడు మారింది?

తారీఖ్ కొంచెం ఖచ్చితంగానే చెప్పొచ్చు. ఫ్రాన్స్‌లో ఆంత్వాన్ గలాన్ అనే పండితుడు అల్ఫ్ లైలాను ఫ్రెంచిలోకి తర్జుమా చేశాడు. 1704 నుంచి 1717 వరకు 12 సంపుటాలు. చేతిలో ఉన్న అరబ్బీ రాతప్రతి అయిపోయింది, పాఠకులు మాత్రం ఇంకా కావాలంటున్నారు. 1709లో పారిస్‌కు వచ్చిన హలబ్ కుర్రాడు హన్నా దియాబ్ దగ్గర కొత్త కిస్సాలు విని రాసుకున్నాడు. అలావుద్దీన్, అలీబాబా అలా వచ్చినవే. సీదీ నూమాన్ కిస్సా కూడా అలాగే వచ్చింది.

అది తెలియనివాళ్ల కోసం చెబుతాను. బగ్దాద్‌లో ఖలీఫా హారూన్ రషీద్ మారువేషంలో తిరుగుతుంటే ఒకడు ఆడగుర్రాన్ని రక్తాలు కారేలా కొడుతూ కనిపిస్తాడు. పిలిపించి అడిగితే కథ చెబుతాడు. పెళ్లయిన కొత్తలో వాడి బీవీ అమీనా దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చుని పులావ్‌ను సన్నటి పుల్లతో ఒక్కొక్క మెతుకే తినేది. (మన ఇళ్లలో ఏ కోడలైనా దమ్ బిర్యానీని అలా తింటే ఖలీఫా దాకా పోనక్కర్లేదు, అత్తగారే తేల్చేస్తుంది.) ఇంత తక్కువ తిని ఎలా బతుకుతోందని ఒక రాత్రి వెంబడిస్తే, ఆమె ఖబరస్తాన్‌కు వెళ్లి ఒక గూల్‌తో కలిసి అప్పుడే పూడ్చిన శవాన్ని తింటోంది. నిలదీస్తే జాదూ చేసి వాణ్ణి కుక్కను చేసింది. తర్వాత వాడు మనిషై, ఆమెను గుర్రం చేసి, రోజూ కొడుతున్నాడు.

గలాన్ కంటే ముందు ఈ కిస్సా ఉన్న అరబ్బీ ప్రతి ఏదీ దొరకలేదు. గూల్ సమాధులు తవ్వి శవాలు తింటుందన్న మాటను గలానే చేర్చాడని అహ్మద్ అల్-రావీ అనే పరిశోధకుడు 2009లో 'ఫోక్‌లోర్' పత్రికలో వాదించాడు. ఇన్సాఫ్ కోసం రెండో వైపు కూడా చెప్పాలి. 1830లలో కైరోలో ఉన్న ఎడ్వర్డ్ లేన్, ఈజిప్టు జనం గూల్‌లు సమాధుల దగ్గర తిరుగుతాయని, శవాలు తింటాయని అనుకుంటారని రాశాడు. అంటే జనం నోట కూడా అలాంటి మాట ఎంతో కొంత ఉండొచ్చు. కానీ లేన్ రాసింది గలాన్ తర్వాత వందేళ్లకు పైనే. జాహిజ్, మస్ఊదీ చెప్పింది వాళ్లిద్దరికంటే వందల ఏళ్ల ముందు. నేను అల్-రావీ వైపే మొగ్గుతాను. శవం తినడాన్ని పూర్తిగా గలాన్ కల్పన అనకపోయినా, అదే గూల్ అసలు పని అన్నట్టు లోకానికి చాటింది మాత్రం ఆ ఫ్రెంచి కితాబే.

ఇలాంటిది మన దగ్గరా జరిగింది. మన భట్టి విక్రమార్క కథల్లో చెట్టుకు వేలాడుతూ చిక్కు ప్రశ్నలడిగే బేతాళుణ్ణి రిచర్డ్ బర్టన్ 1870లో ఇంగ్లిష్‌లోకి తీసుకెళ్లి 'వాంపైర్' అని పేరు పెట్టాడు. రక్తం తాగని బేతాళుడు రాత్రికి రాత్రి నెత్తురు తాగే జాతిలో కలిసిపోయాడు.

గలాన్ తర్వాత దారి సాఫీ. 1786లో ఇంగ్లిష్‌లో వచ్చిన విలియం బెక్‌ఫోర్డ్ 'వాథెక్' నవలలో ఖబరస్తాన్ గూల్‌లున్నాయి. 1813లో బైరన్ పద్యంలో గూల్ పేరొచ్చింది. అక్కణ్ణుంచి అమెరికా. రోడ్ ఐలాండ్‌లో ఒక పిల్లవాడు ఐదేళ్ల వయసులో అరేబియన్ నైట్స్ చదివి ఎంత మైమరిచిపోయాడంటే, తనకు తానే అబ్దుల్ అల్‌హజ్రద్ అని ముస్లిం పేరు పెట్టుకున్నాడు. (అరబ్బీ వ్యాకరణానికి ఆ పేరు నిలవదు, ఒక 'అల్' ఎక్కువైంది. ఐదేళ్లవాడు కాబట్టి మాఫ్.) వాడే హెచ్.పి. లవ్‌క్రాఫ్ట్. 1927లో 'వియర్డ్ టేల్స్' పత్రికలో వచ్చిన అతని 'పిక్‌మన్స్ మోడల్' కథలో బోస్టన్ నగరం కింద సొరంగాల్లో గూల్‌లు ఉంటాయి. కుక్క మొహం, వంగిన నడుము, గోళ్లు. పాదాలు మాత్రం సగం గిట్టల్లా ఉంటాయి. ఆ గిట్టలు చదివినప్పుడు నేను కుర్చీలోంచి లేచాను. మస్ఊదీ గాడిద కాళ్లు ఏ దారిన, ఎన్ని తర్జుమాలు దాటి బోస్టన్ చేరాయో గానీ చేరాయి.

1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటను విడుదల చేశారు. తనను ప్రభావితం చేసిన రచయితల జాబితాలో గైగాక్స్ లవ్‌క్రాఫ్ట్‌ను కూడా చేర్చాడు. ఆ ఆటలో గూల్ గోళ్లు తగిలితే ఆటగాడి పాత్ర కొయ్యబారిపోతుంది. గూల్ చేతిలో చచ్చిన మనిషి గూల్ అయ్యేవాడు. అంటే జిన్నాత్ జాతి కాస్తా లేచి తిరిగే ముర్దాల జాతి అయింది. ఇది చిన్న మార్పు కాదు. అరబ్బుల గూల్ ఎప్పుడూ మనిషి కాదు. ఈ కొత్త గూల్ ఒకప్పటి మనిషి. (1968 నాటి 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్' సినిమాలో లేచి తిరిగే శవాలను కూడా గూల్‌లు అనే పిలుస్తారు. జాంబీ అన్న మాట అందులో లేదు.)

ఇప్పుడు నా అలమారాకి వద్దాం.

నా దగ్గరున్న పాతవి 1980ల సీసం బొమ్మలు. ఆ రోజుల్లో బొమ్మ పాదం నుంచి కంటి దాకా 25 మిల్లీమీటర్లు లెక్క. తర్వాత 28, ఇప్పుడు 32 కూడా. కానీ గూల్‌ను అలా కొలవడం కుదరదు, ఎందుకంటే ఏ గూల్ బొమ్మా నిటారుగా నిలబడదు. అందుకే నేను తలలు పోలుస్తాను. పాత సీసం గూల్ తల మినపగింజంత. కొత్త ప్లాస్టిక్ గూల్ తల శనగగింజంత. పాతదాన్ని అరచేతిలో పెట్టుకుంటే బరువు తెలుస్తుంది, మొహం మాత్రం రెండు గుంటలు, ఒక చీలిక. రంగు వేసేవాడే దానికి కళ్లు పెట్టాలి. కొత్తవాటికి పంటి చిగుళ్లు, వెన్నుపూసలు కూడా లెక్కపెట్టొచ్చు, కుంచె ఎక్కడ పెట్టాలో బొమ్మే చెబుతుంది. చూడటానికి కొత్తవే బాగుంటాయి, రంగు వేయడంలో ఉన్న లుత్ఫ్ మాత్రం పాతవాటిదే.

సీసం బొమ్మలు కొనే ఇళ్లకు రెండు మాటలు. 1990లలో అమెరికాలో పిల్లల ఆరోగ్యం పేరుతో సీసం మీద చర్చ లేచాకే పెద్ద కంపెనీలు తెల్ల లోహానికి మారాయి, అమెరికాలోని రాల్ పార్థా 1993లో మారింది. కాబట్టి అంతకుముందు బొమ్మలు చిన్నపిల్లల చేతికి ఇవ్వకండి, ముట్టుకుంటే చేతులు కడుక్కోండి. రెండోది, వాటిని చెక్క పెట్టెలో మూసి పెట్టకండి. కొన్ని చెక్కల నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరికి సీసం తెల్లటి పొడిగా రాలిపోతుంది. నావి ప్లాస్టిక్ డబ్బాలో ఉన్నాయి.

ఇక పోలిక. ఒక ఆదివారం 41 బొమ్మలనూ తెల్ల దుప్పటి మీద వరసగా పెట్టి నోట్‌బుక్కులో గీతలు గీశాను. చేతిలో ఎముక పట్టుకున్నవి 22. పాదాల కింద సమాధి రాయో, పుర్రెలో ఉన్నవి 17. ఆడవి 3. గాడిద కాళ్లు, ఇంకే గిట్టలైనా సరే ఉన్నవి, ఒక్కటీ లేదు. జుట్టున్నవి కూడా తక్కువే. అన్నిటికీ మొలకు గుడ్డపేలిక, గుహలో పెరిగినట్టు పాలిపోయిన ఒళ్లు. ఒకదానికి పొడుగు నాలుక బయటికి వేలాడుతోంది. తఅబ్బత షర్రన్ చూస్తే ఇదొక్కటే గుర్తుపడతాడేమో.

నా దగ్గర ఎక్కువున్నవి ఇంగ్లండ్‌లోని గేమ్స్ వర్క్‌షాప్ వాళ్లవి. వార్‌హామర్ ఆట కోసం వాళ్లు 2008లో పెట్టెకు పదేసి చొప్పున ప్లాస్టిక్ గూల్‌లు తెచ్చారు. చేతులు, తలలు విడిగా వస్తాయి, ఎలా కావాలంటే అలా అతికించుకోవచ్చు. ఒకటి ఎముక కొరుకుతుంది, ఒకటి నేలకు వంగి వాసన చూస్తుంది. మందగా నిలబెడితే ఉర్దూ 'గోల్', అరబ్బీ 'గూల్' ఒకచోట కలిసినట్టు ఉంటుంది. ఇంకో అమెరికన్ కంపెనీవి ముందే ప్రైమర్ వేసి వస్తాయి, మొదలుపెట్టేవాళ్లకు అవే హాయి. వాటి మొహాల్లో భయం కంటే ఆకలి ఎక్కువ కనిపిస్తుంది, నాకు అవి కొంచెం జాలి పుట్టిస్తాయి.

2016లో గేమ్స్ వర్క్‌షాప్ ఈ గూల్‌లకే కొత్త కిస్సా కట్టింది. ఈ గూల్‌లు తమను తాము గూల్‌లు అనుకోవు. తాము నవాబులమని, సిపాహీలమని, ఒంటి మీద పేలికలు జరీ అంగరఖాలని, తింటున్నది షాహీ దావత్ అని గట్టిగా నమ్ముతాయి. వాటి బాద్‌షా పిచ్చి అందరికీ అంటుకుంది. ఇది రాసినవాళ్లు మస్ఊదీని చదివారని నేననను. కానీ చూడండి, మొదట గూల్ ముసాఫిర్ కళ్లను మోసం చేసేది. 1,000 ఏళ్లు తిరిగి తిరిగి, ఇప్పుడు దాని కళ్లే మోసపోయాయి. రూపం మార్చే విద్య పోలేదు, లోపలికి తిరిగింది. ఆ ఆట కంపెనీ బొమ్మల ధరలు చూసి నేను చాలాసార్లు తిట్టుకుంటాను గానీ ఈ ఊహకు మాత్రం సలామ్ చేస్తాను.

ఇదంతా రాయడానికి అసలు వజహ్ మా చెల్లెలి కొడుకు. వాడికి పదకొండేళ్లు. నా దగ్గరే ఆట నేర్చుకున్నాడు. రెండేళ్ల కిందట షబే బరాత్ రాత్రి మేమంతా మా అబ్బా ఖబర్ దగ్గర ఫాతిహా చదవడానికి బయల్దేరితే వాడు రానన్నాడు. కడుపునొప్పి అన్నాడు. వాళ్లమ్మ వాముపొడి తెచ్చేసరికి నిజం చెప్పాడు. "మామూ, గూల్ అరబిక్ అని కితాబులో రాసుంది. అంటే నిజమే కదా. మన ఖబరస్తాన్‌లోనే కదా ఉండేది. నానాను తినేసుంటాయా?"

ఒక ఫ్రెంచి కితాబులోని మెతుకు మూడు వందల ఏళ్లు దేశాలు తిరిగొచ్చి మా పిల్లవాడికి, వాడి నానా ఖబర్‌కి మధ్య నిలబడింది. అరబ్బీ అనగానే దీన్ అనుకున్నాడు వాడు, అందులో వాడి కసూర్ ఏముంది? ఆ రాత్రి వాణ్ణి బలవంతం చెయ్యలేదు. ఆ తర్వాత నెలల తరబడి, బొమ్మలకు రంగులు వేస్తూ, ఇప్పుడు మీకు చెప్పినదంతా వాడికి చెప్పాను. అబూ అయ్యూబ్ ఇంట్లో ఖర్జూరాల దొంగతనం వాడికి బాగా నచ్చింది. "మూడుసార్లు దొరికిపోయిందా? ఏం గూల్ అది!" అని నవ్వాడు. ఆయతుల్ కుర్సీ అంతకుముందే నోటికి వచ్చు, ఎందుకు చదువుతారో అప్పుడు తెలిసింది. మరుసటి ఏడు ఖబరస్తాన్‌కు వచ్చాడు. నా చెయ్యి మాత్రం వదల్లేదు. గేటు దగ్గర కూర్చున్న ముసలావిడ కాళ్ల వైపు ఒకసారి చూసి, చెప్పులున్నాయని నిమ్మళించాడు.

మా అమ్మీకి ఈ బొమ్మల మీద వేరే పేచీ ఉంది. బుత్‌లు ఇంట్లో పెడతావా అని. న్యాయమైన ప్రశ్నే, దాన్ని నవ్వి తోసెయ్యను. అబూ దావూద్‌లో ఒక రివాయత్ ఉంది. ఉమ్ముల్ మోమినీన్ ఆయిషా రజియల్లాహు అన్హా ఆడుకునే బొమ్మల్లో గుడ్డముక్కల రెక్కలు తగిలించిన గుర్రం ఒకటుంది. గుర్రానికి రెక్కలేమిటని రసూలుల్లాహ్ అడిగితే, సులైమాన్ అలైహిస్సలాం గుర్రాలకు రెక్కలుండేవని మీరు వినలేదా అన్నారావిడ. ఆయన నవ్వారు. ఊహలోని ఒక జీవి బొమ్మ గురించి ఇంత ప్రేమగా ఉన్న కిస్సా నాకింకోటి తెలియదు. దీని ఆధారంగా ఆటబొమ్మలను ఆటబొమ్మలుగా ఉంచితే పర్వాలేదన్న ఉలమా ఉన్నారు, అది పిల్లలకు మాత్రమే అన్నవాళ్లూ ఉన్నారు. నేను అడిగిన ఒక హజ్రత్ అసలే వద్దన్నారు, ఇంకొకరు షోకేసులో అలంకారంగా నిలబెట్టొద్దని మాత్రం అన్నారు. మా ఇంట్లో తీర్పు అమ్మీది. ఆడనప్పుడు డబ్బాలో, డబ్బా అలమారాలో, అలమారాకు తలుపు, ఆ గదిలో నమాజ్ లేదు. ఈ షరతులు నేను తప్పకుండా పాటిస్తున్నాను.

42వ గూల్ ఇప్పుడు తయారవుతోంది. ఏ కంపెనీ చెయ్యలేదు కాబట్టి నేనే చేస్తున్నాను. పొడుగు గౌను వేసుకున్న ఒక ముసాఫిర్ ఆడమనిషి బొమ్మ తీసుకుని చీలమండల దగ్గర సన్న బ్లేడుతో కోశాను. మేకకాళ్ల మనిషి బొమ్మ ఒకటి విరిగిపోయి ఉంటే దాని గిట్టలు తెచ్చి అతికించాను. పసుపు, నీలం ముద్దలు కలిపితే ఆకుపచ్చగా మారి కొన్ని గంటల్లో గట్టిపడే మట్టి దొరుకుతుంది. దాంతో గౌను అంచును ఇంకొంచెం కిందికి లాగాను. ఎదురుగా చూస్తే అందమైన దుపట్టా, చాచిన చెయ్యి. పక్కకు తిప్పితేనే గిట్ట కనబడుతుంది. కింద సమాధి రాయి పెట్టలేదు, జల్లించిన ఇసుక చల్లాను.

ఆటలో దీనికి రూల్ మా మేనల్లుడే రాశాడు. మొదటి దెబ్బ తగిలితే గూల్ పడిపోతుంది. పడ్డాక, ఇంకోటి వెయ్యండి అని వేడుకుంటుంది. ఎవరైనా వేస్తే మళ్లీ నిండు ప్రాణంతో లేస్తుంది. రంగు వెయ్యకుండానే మొన్న ఆదివారం ఒకసారి ఆడి చూశాం. మొదటి పాచిక వాడిదే, దెబ్బ తగిలింది, గూల్ పడింది. "ఎవరూ కొట్టకండి, ఎవరూ కొట్టకండి" అని వాడు అరుస్తూనే ఉన్నాడు. ఏడేళ్ల వాళ్ల చెల్లి అప్పటికే పాచిక విసిరేసింది.